సెల్‌ఫోన్‌లో కాంట్రా ఎందుకు తొందరపడుతుంది?

తొంభైల్లో టీవీకి తగిలించిన వీడియో గేమ్ మీద కాంట్రా ఆడి పెరిగినవాళ్లు ఇప్పుడు నలభైల్లో పడ్డారు. అదే ఆటను సెల్‌ఫోన్‌లో, పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని తెరిచినప్పుడు వాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: ఆట అదే గానీ ఏదో తేడాగా ఉంది. మొన్న సంక్రాంతికి మా పెదనాన్నగారి అబ్బాయి నా ఫోన్ లాక్కుని మొదటి లెవెల్ సగం దాకా ఆడి, "ఇది పరిగెడుతోందిరా తమ్ముడూ, మనం ఆడేటప్పుడు పాట ఇంత గబగబా వచ్చేది కాదు" అన్నాడు. వయసొచ్చి చేతులు నెమ్మదించాయని నలుగురం నవ్వేశాం. తీరా ఇంటికొచ్చి లెక్క వేసి చూస్తే అన్నయ్య చెవి చెప్పిందే నిజమని తేలింది.

ఆ లెక్క ఏమిటో చెప్పాలంటే ఎమ్యులేటర్ చేసే పని ఏమిటో ముందు చూడాలి. ఫోన్‌లో పాత ఆటల గురించి మన దగ్గర జరిగే చర్చ దాదాపుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ ఫోన్ ఆ ఆటను లాగగలదా, ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత? ప్లేస్టేషన్ 2 వంటి యంత్రాల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న సబబే. కానీ 1983 నాటి యంత్రాన్ని అనుకరించడానికి కూడా ఇంకా తంటాలు పడవలసి వస్తోందంటే, దానికి ఫోన్ శక్తితో సంబంధం లేదు. ఏ పని తరవాత ఏ పని, సరిగ్గా ఎంత వ్యవధిలో జరగాలన్న కాలం లెక్క దగ్గరే చిక్కంతా ఉంది. ధ్వని, బొమ్మ, బటన్ నొక్కితే కలిగే స్పందన, చివరికి ఒక్కోసారి ఆట కదలకుండా బిగుసుకుపోవడం, వీటిలో చాలా వాటికి మూలం వెతికితే ఆ లెక్కలోనే తేలుతుంది.

క్యాసెట్‌లో ఏముంది

నింటెండో సంస్థ 1983 జులై 15న జపాన్‌లో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అదే 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికా మార్కెట్‌కు వెళ్లింది. మన ఊళ్లలో టీవీ గేమ్ అనీ, వీడియో గేమ్ అనీ అమ్మినవాటిలో చాలా భాగం దీని నకళ్లే. లోపల ఉన్న ప్రాసెసర్ 6502 కుటుంబానికి చెందినది. సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల సార్లు కొట్టుకునే గడియారం దానిది. పని చేసుకోవడానికి 2 కిలోబైట్ల జ్ఞాపకం, బొమ్మలు గీయడానికి విడిగా ఒక చిప్, అంతే సంపద. ఈ రోజు మూడు గిగాహెర్ట్జ్ ఫోన్ ప్రాసెసర్ గడియారం దానికన్నా 1,600 రెట్లకు పైగా వేగంగా కొట్టుకుంటుంది.

ఎమ్యులేటర్ అంటే ఈ ప్రాసెసర్‌గా, ఈ బొమ్మల చిప్‌గా, ఈ ధ్వని చిప్‌గా నటించే ప్రోగ్రామ్. ఆటలు అందులో ఉండవు. ఆట ఉండేది క్యాసెట్‌లో. టేపు ముక్క కూడా లేని ఆ ప్లాస్టిక్ పెట్టెను మనమెందుకో క్యాసెట్ అనే అలవాటు చేసుకున్నాం. దాని లోపల ఉన్నవి చెరగని జ్ఞాపకపు చిప్పులు. వాటిలోని సమాచారాన్ని ఉన్నదున్నట్టు ఫైలుగా దించితే దాన్ని రోమ్ అంటారు. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం ఆట 40 కిలోబైట్లు: అందులో 32 ప్రోగ్రామ్, 8 బొమ్మలు. ముందు 16 బైట్ల తలకట్టు చేర్చిన ఫైలు పరిమాణం 40,976 బైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే దీనికి రెండు మూడు రెట్లుంటుంది.

ఆ 16 బైట్ల తలకట్టు చూడటానికి అల్పంగా ఉన్నా దానికొక ముఖ్యమైన పని ఉంది. ఫ్యామికామ్ ప్రాసెసర్ క్యాసెట్‌లోని ప్రోగ్రామ్‌ను మామూలుగా ఒకసారికి 32 కిలోబైట్ల మేరకే చూడగలదు. అంతకన్నా పెద్ద ఆట కావాలంటే, పుస్తకంలో పేజీలు తిప్పినట్టు, ఏ భాగం ఎప్పుడు కనిపించాలో నిర్ణయించే అదనపు చిప్ క్యాసెట్‌లోనే ఉండాలి. ఈ చిప్పులు ఒక్కో సంస్థవి ఒక్కో రకం. అది ఏ రకమో చెప్పే మ్యాపర్ సంఖ్య తలకట్టులో ఉంటుంది. మొదటి మారియోకు ఆ అవసరమే లేదు కాబట్టి సంఖ్య సున్నా. మూడో మారియో వాడిన చిప్‌కు సంఖ్య 4. ఈ అంకె తప్పుగా ఉంటే ఎమ్యులేటర్ తప్పు పేజీ తిప్పి బూడిద రంగు తెర చూపించి ఊరుకుంటుంది. ఫైలు పాడైపోయిందని మనం అనుకుంటాం.

ఇదే కారణంగా, మన చిన్ననాటి "99999 ఇన్ 1" క్యాసెట్లను అనుకరించడం అసలు ఆటలను అనుకరించడం కన్నా కష్టం. వాటిలో నిజంగా ఉండేవి ఏ పదో పాతికో ఆటలు. ఒకే ఆటను ఒక్కో లెవెల్ నుంచి మొదలుపెట్టించి, వేర్వేరు పేర్లు తగిలించి జాబితా నింపేవారు. ఆ మోసం నడవడానికి తయారీదారులు తమకు తోచిన పేజీ తిప్పే ఏర్పాట్లు చేసుకున్నారు. వాటికి పద్ధతీ పత్రమూ ఏమీ లేవు. ఔత్సాహికులు క్యాసెట్లు విప్పి, తీగలు తడిమి ఒక్కొక్కటే అర్థం చేసుకుంటూ వచ్చారు.

నాణెం కింద దాగిన చుక్క

కాలం లెక్క ఎంత సున్నితమైనదో చెప్పడానికి ఫ్యామికామ్‌లో నాకు నచ్చిన ఉదాహరణ మారియో ఆటలో పైన కనిపించే పట్టీ. స్కోరు, నాణేలు, లోకం సంఖ్య, మిగిలిన సమయం ఉండే ఆ పట్టీ కదలదు. దాని కింద నేల, గొట్టాలు, ఇటుకలు మారియోతో పాటు జరుగుతూ ఉంటాయి. చూడటానికి ఇందులో వింతేమీ లేదు. కానీ ఫ్యామికామ్ బొమ్మల చిప్ దగ్గర నేపథ్యాన్ని జరపడానికి ఉన్నది ఒకటే ఏర్పాటు. జరిపితే తెరంతా జరగాలి. పైభాగం నిలబడి, కిందిభాగం మాత్రం జరగాలంటే ఎలా?

పాత టీవీ బొమ్మను ఒక్కసారిగా చూపించదు, పై నుంచి కిందికి గీత తరవాత గీతగా గీస్తుంది. ఫ్యామికామ్ ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే తెర మీద ఒక పూర్తి బొమ్మకు, కనిపించేవీ కనిపించనివీ కలిపి, 262 గీతల సమయం తీసుకుంటుంది. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు దక్కేది 113 టిక్కుల కన్నా కాస్త ఎక్కువ. కాబట్టి ఫ్రేమ్ మొదట్లో జరుపుడు సున్నా అని చెప్పి, పట్టీ గీయడం పూర్తయిన క్షణంలో అసలు విలువ ఇస్తే పని జరిగిపోతుంది. ఆ క్షణం వచ్చిందని తెలుసుకోవడం ఎలా? దానికి చిప్‌లో ఒక చిన్న సదుపాయం ఉంది. సున్నా సంఖ్య గల కదిలే బొమ్మలోని ఒక చుక్క, నేపథ్యంలో రంగున్న ఒక చుక్క మీద పడిన మరుక్షణం చిప్ జెండా ఎత్తుతుంది. మారియో రూపకర్తలు ఆ సున్నా బొమ్మను పట్టీలోని నాణెం గుర్తు అడుగు అంచు వెనక దాచిపెట్టారు. ప్రోగ్రామ్ ప్రతి ఫ్రేమ్‌లోనూ, అంటే సెకనుకు అరవై సార్లు, ఆ జెండా లేచేదాకా ఉన్నచోటే చక్కర్లు కొడుతూ ఎదురుచూస్తుంది.

ఇప్పుడు ఎమ్యులేటర్ సంగతి చూద్దాం. టీవీ గీసినట్టు గీత గీతగా కాకుండా, ఫ్రేమ్ మొత్తాన్నీ చివర్లో ఒకేసారి గీసే తేలిక పద్ధతిలో రాస్తే ఆ జెండా సమయానికి లేవదు. కొన్ని గీతలు ముందో వెనకో లేస్తే పట్టీ అంచు చిరిగినట్టు వణుకుతుంది. అసలు లేవకపోతే ప్రోగ్రామ్ చక్కర్లు కొడుతూనే ఉండిపోతుంది, ఆట బిగుసుకుంటుంది. వెయ్యి రెట్లు వేగమైన ప్రాసెసర్ ఉన్నా ఇందులో ఒరిగేదేమీ లేదు. ప్రాసెసర్‌నూ, బొమ్మల చిప్‌నూ, ధ్వనినీ ఒకదాని వెనక ఒకటి చిన్నచిన్న అడుగులు వేయిస్తూ, ప్రతి అడుగుకూ మిగతావి ఎక్కడున్నాయో సరిచూసుకుంటూ నడిపించడమే మార్గం. ఖచ్చితత్వం పెరిగేకొద్దీ ఫోన్ మీద భారం పెరగడానికి కారణం ఈ సరిచూసుకోవడమే.

యాభై, అరవై

అన్నయ్య ఫిర్యాదుకు జవాబు కూడా గీతల్లోనే ఉంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు అరవై తడవలు తెరను గీస్తాయి. 1982లో రంగుల ప్రసారం మొదలుపెట్టిన మన దూరదర్శన్ ఎంచుకున్నది పాల్ పద్ధతి. అందులో గీతలు ఎక్కువ, 625, కానీ తడవలు యాభయ్యే. ఫ్యామికామ్ ఆటలు కాలాన్ని గోడ గడియారం చూసి కొలవవు, ఫ్రేములు లెక్కపెట్టి కొలుస్తాయి. ఒక్కో ఫ్రేమ్‌కు ఇంత దూరం నడవాలి, ఇన్ని ఫ్రేములకు ఒక స్వరం మారాలి అన్నది ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది. అరవై కోసం రాసిన ఆటను యాభై మీద నడిపితే మనిషి నడక, తూటా వేగం, పాట తాళం అన్నీ ఆరో వంతు నెమ్మదిస్తాయి. నిమిషం పాట డెబ్బై రెండు సెకన్లు పడుతుంది.

నింటెండో తానే ఐరోపాకు పాల్ యంత్రాలను తయారుచేసినప్పుడు గడియారాన్ని కూడా మార్చింది. ప్రాసెసర్ వేగం సుమారు 1.66 మెగాహెర్ట్జ్‌కు తగ్గింది, ఆటలను అక్కడి కోసం సరిదిద్దవలసి వచ్చింది. మన కాంట్రాలోని ఇద్దరు వీరులు ఐరోపాలో రోబోలుగా మారి ప్రోబోటెక్టర్ అన్న పేరుతో తిరిగారు, అది వేరే కథ. పాల్ దేశాల కోసం తైవాన్ చిప్పులతో తయారైన నకలు యంత్రాలు మరో దారి పట్టాయి. వాటి తయారీదారులకు కావలసింది జపాన్, అమెరికా ఆటలు మార్పేమీ లేకుండా నడవడం. అందుకని ప్రాసెసర్‌ను దాదాపు అసలు వేగంలోనే, 1.77 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచి, ప్రతి ఫ్రేమ్ చివరా అదనంగా యాభై ఖాళీ గీతల పాటు నిరీక్షణ చొప్పించారు. ఫలితంగా స్వరం శ్రుతి దాదాపు మారలేదు, తాళం మాత్రం నెమ్మదించింది. పాట అదే శ్రుతిలో విలంబంగా సాగేది. అన్నయ్య చెవిలో నాటుకుపోయింది ఆ విలంబమే. ఫోన్‌లో ఎమ్యులేటర్ వినిపించినది కాంట్రా తయారుచేసిన కొనామీ సంస్థ స్వరపరిచిన అసలు వేగం.

శబ్దంలోనూ ఒక తేడా ఉండేది. ఆ నకలు చిప్పులు కొన్నింటిలో ధ్వని తరంగపు ఆకారాన్ని నిర్ణయించే రెండు అమరికలు తారుమారయ్యాయి. యాభై శాతం ఉండవలసిన చోట ఇరవై ఐదు, ఇరవై ఐదు ఉండవలసిన చోట యాభై పడ్డాయి. అందువల్ల కొన్ని ఆటల్లో స్వరం అసలు కన్నా బొంగురుగానో, పీలగానో వినిపించేది. ఈ రెండు తేడాలనూ ఫోన్‌లో తిరిగి తెచ్చుకోవచ్చు. రెట్రోఆర్చ్ అనే యాప్‌లో ఎఫ్‌సీఈయూఎంఎం అనే కోర్, అంటే ఫ్యామికామ్‌ను అనుకరించే భాగం, ఎంచుకుని, అమరికల్లో రీజియన్ దగ్గర డెండీ అని పెడితే యాభై ఫ్రేములు, డ్యూటీ సైకిల్, అంటే ఆ శాతాలను, తారుమారు చేసే మీట నొక్కితే ఆ బొంగురు గొంతు. డెండీ అన్నది 1992 చివర్లో రష్యాలో అమ్మకానికి వచ్చిన ప్రసిద్ధ నకలు యంత్రం పేరు. మన యంత్రాల జాతి కూడా అదే కాబట్టి ఆ అమరిక మనకూ పనికొస్తుంది.

అయితే దీనికొక మూల్యం ఉంది. మామూలు ఫోన్ తెర సెకనుకు అరవై సార్లు మారుతుంది. యాభై ఫ్రేములను అరవై గడుల్లో సర్దాలంటే ప్రతి అయిదింటిలో ఒకదాన్ని రెండుసార్లు చూపించాలి, దాంతో నేపథ్యం జరుగుతున్నప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. సెకనుకు నూట ఇరవై సార్లు మారే తెరల్లోనూ ఈ లెక్క సమంగా కుదరదు. పాత టీవీ యాభైకి యాభై చూపించేది కాబట్టి ఆ కుదుపు మనం ఎరగం. జ్ఞాపకంలోని తాళం కావాలా, కళ్లకు నునుపైన కదలిక కావాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. నేను రెండు రోజులు యాభైలో ఆడి అరవైకి తిరిగొచ్చేశాను. అన్నయ్య ఫోన్‌లో మాత్రం డెండీయే ఉంది.

దుబాసీ పని

ఇప్పటిదాకా చెప్పిన యంత్రాల దగ్గర ఎమ్యులేటర్ దుబాసీలా పనిచేస్తుంది: పాత ప్రాసెసర్‌కు రాసిన ఆదేశాన్ని ఒకటి చదివి, దాని అర్థం ఫోన్ ప్రాసెసర్‌కు చెప్పి, మరొకటి చదువుతుంది. అదే ఆదేశం లక్షసార్లు వచ్చినా లక్షసార్లూ కొత్తగానే అనువదిస్తుంది. 2001లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ దాకా ఈ ఓపిక సరిపోతుంది. దాని ప్రాసెసర్ వేగం 16.78 మెగాహెర్ట్జ్, పైగా అది నేటి ఫోన్ ప్రాసెసర్లకు తాత వరస, ఇద్దరిదీ ఆర్మ్ వంశమే.

1994 డిసెంబర్ 3న జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ వేగం 33.87 మెగాహెర్ట్జ్, 2005 ప్రాంతంలో మన దగ్గరికి చేరిన, సోనీవారి చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీ వేగం 333 మెగాహెర్ట్జ్ వరకు. ఇక్కడ మాటకు మాట చెప్పే దుబాసీ చాలడు. ఒక పేరాను ఒకసారి అనువదించి, కాగితం మీద రాసి పక్కన పెట్టుకుని, ఆ పేరా మళ్లీ వచ్చినప్పుడల్లా ఆ కాగితం చదివేసే నేర్పు కావాలి. దీన్ని జిట్ అంటారు. ఆటలో ఉన్న పాత ప్రాసెసర్ ఆదేశాలను అప్పటికప్పుడు ఫోన్ ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చి, మెమరీలో దాచుకుని నడిపించడమన్నమాట. యాపిల్ తన యాప్ స్టోర్‌లో పాత ఆటల ఎమ్యులేటర్లను 2024 ఏప్రిల్ దాకా రానివ్వలేదు. తలుపు తీసిన కొద్ది రోజులకే డెల్టా అనే ఎమ్యులేటర్, ఆ తరవాత నెలలో రెట్రోఆర్చ్, పీఎస్‌పీని అనుకరించే పీపీఎస్‌ఎస్‌పీపీ అక్కడికి చేరాయి. కానీ యాప్ తనంతట తాను కొత్త ఆదేశాలు రాసుకుని నడపడాన్ని ఐఫోన్ భద్రతా నియమాలు ఒప్పుకోవు కనుక జిట్ లేదు. అందువల్ల ఖరీదైన ఐఫోన్ కన్నా మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్ కొన్ని ఆటలను తేలిగ్గా నడిపించే విడ్డూరం ఇక్కడ సాధ్యం.

పనిని తగ్గించుకునే మరో మార్గం, యంత్రం లోపలి భాగాలన్నిటినీ అనుకరించకుండా, ఆట ఆ యంత్రాన్ని ఏ సేవ అడుగుతోందో చూసి ఆ సేవను నేరుగా అందించడం. 2012 నవంబర్‌లో హెన్రిక్ రిడ్‌గార్డ్ విడుదల చేసిన పీపీఎస్‌ఎస్‌పీపీ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. పీఎస్‌పీ వ్యవస్థ చేయవలసిన పనులను తానే తిరిగి రాసుకుంది కాబట్టి దానికి బయోస్ ఫైలు అక్కర్లేదు. బయోస్ అంటే యంత్రం మేల్కొనగానే నడిచే, తయారీ సంస్థ రాసిన ప్రోగ్రామ్. ప్లేస్టేషన్‌లో దాని పరిమాణం 512 కిలోబైట్లు. కొన్ని ఎమ్యులేటర్లు దానికి బదులు సొంతంగా రాసుకున్నదాన్ని వాడతాయి, కొన్ని అసలుదే కావాలని పట్టుబడతాయి.

ప్లేస్టేషన్ 2 దగ్గర మాత్రం ఏ అడ్డదారీ పూర్తిగా పనిచేయదు. 2000 మార్చి 4న జపాన్‌లో వచ్చిన ఆ యంత్రం ప్రధాన ప్రాసెసర్ వేగం 294.9 మెగాహెర్ట్జ్, అంకె చూస్తే పీఎస్‌పీ కన్నా తక్కువే. కానీ దాని పక్కన గణితం కోసం రెండు వెక్టర్ యూనిట్లు, బొమ్మలకు ఒక చిప్, బయటి పనులకు ఏకంగా పాత ప్లేస్టేషన్ ప్రాసెసరే ఒకటి ఉన్నాయి. ఇవన్నీ ఒకేసారి నడుస్తూ ఒకరి కోసం ఒకరు కాచుకుంటాయి. ఎమ్యులేటర్ ఆ కాపలాలన్నిటినీ కాయాలి. దానికి తోడు దశాంశ గణితంలో ఆ యంత్రం ప్రపంచమంతా పాటించే ప్రమాణాన్ని పాటించదు. అనంతం అన్న విలువే దానికి తెలియదు; మన ఫోన్ అనంతం అని ఆగేచోట అది తనకు తెలిసిన అతిపెద్ద అంకె వేసి ముందుకెళ్లిపోతుంది. ఈ చిన్న భేదం వల్ల ఆటలో మనుషులు వింతగా కదలడం, వస్తువులు ఉండకూడని చోట ఉండటం జరుగుతుంది.

2021 చివర్లో ఆండ్రాయిడ్‌కు ఈథర్‌ఎస్‌ఎక్స్2 అనే ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్ వచ్చినప్పుడు ఇదంతా ఫోన్‌లో సాధ్యమేనని జనం ఆశ్చర్యపోయారు. వేధింపులు, బెదిరింపులు భరించలేనంటూ దాని రూపకర్త 2023 జనవరిలో పని ఆపేశారు. ఒక మనిషి ఉచితంగా చేసి పెట్టిన పనికి జనం ఇచ్చిన ప్రతిఫలం అది.

వేలికీ తెరకూ మధ్య

ఎమ్యులేటర్ తన పని సరిగ్గా చేసినా, ఫోన్‌లో మారియో గుంటలో పడుతూనే ఉంటాడు. కారణం ఆలస్యం. పాత యంత్రంలో బటన్ తీగ నేరుగా ప్రాసెసర్‌కు వెళ్లేది, బొమ్మ నేరుగా టీవీ గీసే కిరణానికి వెళ్లేది. మధ్యలో ఆపేవారు లేరు. ఫోన్‌లో వేలి తాకిడిని తెర గుర్తించాలి, ఆండ్రాయిడ్ దాన్ని యాప్‌కు చేరవేయాలి, యాప్ గీసిన బొమ్మ వరసలో నిలబడి తెరకు చేరాలి. అరవై ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో నాలుగు ఫ్రేములు పోతే దూకడం ఆలస్యమైందని చేతికి తెలుస్తుంది, కారణం మాత్రం తెలియదు.

రెట్రోఆర్చ్‌లో రన్ అహెడ్ అని ఒక సదుపాయం 2018లో చేరింది. బటన్ నొక్కినా ఆట తన సొంత అలవాటు కొద్దీ ఒకటి రెండు ఫ్రేములు ఆగి స్పందిస్తుంది కాబట్టి, ఎమ్యులేటర్ ప్రస్తుత స్థితిని దాచుకుని, అవే బటన్లతో ఒక ఫ్రేమ్ ముందుకు నడిపి, ఆ భవిష్యత్తు బొమ్మను మనకు చూపించి, మళ్లీ దాచిన స్థితికి వెనక్కి వస్తుంది. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఇదే తంతు. ఫోన్‌కున్న ఆ 1,600 రెట్ల వేగానికి నిజమైన ఉపయోగం ఇక్కడ దొరికింది. చిన్న యంత్రాలకు ఒక ఫ్రేమ్ పెట్టుకుంటే చాలు. ఆటకున్న సహజ ఆలస్యం కన్నా ఎక్కువ పెడితే బొమ్మలు మధ్యలో ఎగిరిపడతాయి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడితే ఈ జాగ్రత్తలన్నీ వృథా. మామూలు రకాల్లో ధ్వని వంద నుంచి రెండు వందల మిల్లీసెకన్లు వెనకబడుతుంది, అంటే పన్నెండు ఫ్రేముల దాకా; నాణెం తీసుకున్నాక ఎప్పటికో గల్లుమంటుంది. తీగ ఇయర్‌ఫోన్లు లేదా ఫోన్ స్పీకరే మేలు. గాజు మీద బొమ్మ బటన్ల సంగతి చెప్పనక్కర్లేదు, చూడకుండా బొటనవేలికి అంచు తగలదు. ఓటీజీ తీగతో తగిలించే గేమ్‌ప్యాడ్ అయితే ఆ బాధా, ఆలస్యంలో కొంతా తగ్గుతాయి.

బొమ్మ విషయంలో ఒక్క మాట. ఫ్యామికామ్ తెర ఎత్తు 240 చుక్కలు, ఫోన్ అడ్డంగా పట్టుకుంటే ఎత్తు చాలా వాటిలో 1080. ఒక చుక్కను నాలుగున్నర చుక్కలుగా చేయలేం గనుక కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. నాలుగు రెట్లే పెట్టి పైనా కిందా నల్లని ఖాళీ వదిలేసే అమరిక వాడితే బొమ్మ కుదురుగా ఉంటుంది. అయినా పాత ఆటలను అతి స్పష్టంగా చూడటం ఎప్పుడూ మేలు కాదు. 1991 నాటి సోనిక్ ఆటలోని జలపాతాలు ఒక నిలువు గీత వదిలి మరొక గీతగా గీసినవి. టీవీకి వెళ్లే మసక తీగలో ఆ గీతలు పక్కవాటితో కలిసిపోయి నీరు పారదర్శకంగా కనిపించేది. ఫోన్ తెర మీద అవి దువ్వెన పళ్లలా విడివిడిగా నిలబడతాయి. పాత టీవీని అనుకరించే షేడర్ వేసుకుంటే మళ్లీ నీళ్లవుతాయి.

చట్టం, డిస్కు

ఎమ్యులేటర్ నేరమా అన్న ప్రశ్నకు జవాబు మూడు ముక్కలుగా చెప్పాలి. ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ వేరు, బయోస్ వేరు, ఆట వేరు. ప్లేస్టేషన్‌ను అనుకరించిన కనెక్టిక్స్ సంస్థ మీద సోనీ వేసిన కేసులో, సొంత ఎమ్యులేటర్ రాయడం కోసం బయోస్‌ను విప్పి చూసి అధ్యయనం చేయడం న్యాయమైన వాడుకేనని 2000లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అది అమెరికా తీర్పే అయినా ఎమ్యులేటర్లు బహిరంగంగా బతకడానికి దారి వేసింది. ఇప్పటికీ అమ్మకంలో ఉన్న యంత్రాల జోలికి పోతే కథ మారుతుంది: నింటెండో స్విచ్‌ను అనుకరించిన యూజు మీద 2024 ఫిబ్రవరి చివర్లో దావా పడింది, వారం తిరగకుండా 24 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, యూజు మూతపడింది.

మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, చట్టబద్ధంగా ఒక ప్రోగ్రామ్ ప్రతి తన దగ్గరున్న వ్యక్తి, ఆ ప్రతి నుంచి, అది పాడైపోతే ఇబ్బంది లేకుండా రక్షణ ప్రతి తీసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. ఇందులో "ఆ ప్రతి నుంచి" అన్న మాట గమనించదగినది. నా దగ్గర క్యాసెట్ ఉంది కాబట్టి ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టినదాన్ని దించుకుంటానంటే ఆ రక్షణ వర్తిస్తుందని చెప్పడం కష్టం. పైగా మన చిన్ననాటి క్యాసెట్లే దొంగ ప్రతులు. వాటికి మనం చట్టబద్ధమైన హక్కుదారులం ఎలా అవుతాం? ఇరవై నాలుగు గంటల్లో తీసేస్తే తప్పు లేదన్న ప్రచారానికి చట్టంలో చోటే లేదు. వేలాది ఆటలు నింపి ఆన్‌లైన్‌లో అమ్మే చేతి గేమ్ యంత్రాలదీ ఇదే పరిస్థితి.

చట్టం ఇలా ఉండగా, పాత ఆటలను కొందామంటే దొరకవు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. మనకూ ఈ బాధతో సంబంధముంది. 2009లో హైదరాబాద్ సంస్థ అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్ బాయ్ వారియర్ తయారుచేసింది. అదే ఏడాది హైదరాబాద్‌లోనే ఉన్న గేమ్‌శాస్త్ర, కబడ్డీ, గిల్లీదండా వంటి ఆటలతో దేశీ అడ్డా అనే డిస్కు తెచ్చింది. ఆటలుగా అవి గొప్పవా అంటే నేను అవుననను. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఆ చిక్కుముడి యంత్రానికి ప్రోగ్రామ్ రాసినవాళ్ల పని అది. ప్లేస్టేషన్ 2 యంత్రాల లేజర్లు ఒక్కొక్కటిగా కన్నుమూస్తున్నాక దాన్ని నడిపించగల చోటు ఎమ్యులేటరే.

అటువంటి డిస్కు ఏ అటక మీదో ఉన్నవాళ్లకు చట్టం ఒప్పుకునే పద్ధతి తేలికగానే ఉంది. క్యాసెట్‌ను ఫైలుగా దించడానికి ప్రత్యేక పరికరం కావాలి గానీ, ప్లేస్టేషన్ 2 డిస్కును మామూలు కంప్యూటర్ డీవీడీ డ్రైవ్ చదువుతుంది. ఐఎస్‌ఓ ఫైలుగా దించి ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. దించాక ఆటలో ముందుకు సాగిన ప్రగతిని ఎమ్యులేటర్ సేవ్ స్టేట్‌లో మాత్రమే దాచుకోకండి. అది ఆ క్షణంలో ఎమ్యులేటర్ మెమరీ ఫొటో. యాప్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని తెరవకపోవచ్చు. ఆటలోనే మెమరీ కార్డుకు సేవ్ చేస్తే ఆ ఫైలు ఏ ఫోన్‌కు మారినా వెంట వస్తుంది. ఇక డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఇళ్లలో అరుదైపోయింది గానీ, పాత డెస్క్‌టాప్ ఒకటి దొరికితే, డిస్కు మీద గీతలు లేకపోతే, అరగంటలో పని పూర్తవుతుంది.